కెనాన్ 50 ఎంఎం ఎఫ్/1.8 ఎస్‌టీఎం: కొన్నేళ్లు వాడాక

కెనాన్ 200డీ కెమెరాతో పాటు వచ్చిన 18-55 ఎంఎం జూమ్ లెన్సుతో (దీన్నే కిట్ లెన్సు అంటారు) ఫొటోలు బాగానే వస్తాయి. కానీ నేర్చుకునేవాళ్లకు అసలు తేడాలు అందులో కంటికి ఆనవు. 55కి జూమ్ చేస్తే అపెర్చర్, అంటే లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం, ఎఫ్/5.6 దాటి తెరుచుకోదు (ఎఫ్ పక్కన అంకె చిన్నదైతే రంధ్రం పెద్దది). ఎదుటి మనిషి, వెనక గోడ, ఆ గోడ మీద క్యాలెండరు అన్నీ దాదాపు ఒకేలా పడతాయి. ఈ చిన్న 50 ఎంఎం లెన్సు తగిలిస్తే అదే కెమెరా వేరేలా పనిచేస్తుంది. ఎఫ్/1.8 దగ్గర లోపలికి వచ్చే వెలుతురు ఎఫ్/5.6తో పోలిస్తే సుమారు పది రెట్లు. ట్యూబ్‌లైటు గదిలో ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) 6400 పెట్టాల్సిన చోట 640తో పని జరిగిపోతుంది.

2015లో వచ్చిన లెన్సు ఇది, బరువు 160 గ్రాములే. అంతకుముందు 1990 నుంచి ఉన్న మోడల్‌కి ప్లాస్టిక్ మౌంటు (కెమెరాకు తగిలించే భాగం) ఉండేది, దీనికి మెటల్ మౌంటు ఇచ్చారు. అపెర్చర్ రేకులు కూడా ఐదు నుంచి ఏడుకు పెరిగాయి. అందుకే అపెర్చర్ కాస్త తగ్గించినా వెనకున్న సీరియల్ బల్బులు కోణాలు తేలకుండా గుండ్రంగానే మసకబారతాయి.

కొత్తగా కొన్నవాళ్లకు నేను ముందు చెప్పే పని ఒకటుంది. కిటికీ పక్కన ఆవకాయ జాడీ పెట్టండి. డయల్ ఏవీ మోడ్‌కి (అపెర్చర్ మనం పెడితే మిగతాది కెమెరా చూసుకునే మోడ్) తిప్పి, మీటరు దూరంలో కూర్చుని, జాడీ ముందు వైపు ఉన్న గీత మీద ఫోకస్ చేయండి. మీరు కదలొద్దు, జాడీని కదపొద్దు. ఎఫ్/1.8, 2.8, 4, 5.6, 8... ఒక్క అంకె మాత్రమే మారుస్తూ వరసగా తీయండి. మీటరు దూరంలో ఎఫ్/1.8కి స్పష్టంగా ఉండే లోతు రెండున్నర సెంటీమీటర్లే. జాడీ ముందు భాగం మెరుస్తుంది, పక్కలు అప్పుడే కరగడం మొదలవుతాయి. ఎఫ్/4కి ఆ లోతు రెట్టింపు దాటుతుంది. ఎఫ్/8కి జాడీ కనిపించినంత మేర శుభ్రంగా ఉంటుంది.

తర్వాత అపెర్చర్ ముట్టుకోకుండా జాడీని వెనక గోడ నుంచి దూరం జరుపుతూ తీయండి. నాకు బాగా ఉపయోగపడింది ఈ రెండో వరసే. గోడకు ఆనించి ఉన్న జాడీని ఎఫ్/1.8లో తీసినా గోడ మీద పెచ్చులు తెలుస్తూనే ఉంటాయి. గోడ మూడు నాలుగు మీటర్లు వెనక్కి పోతే ఎఫ్/4లో కూడా అది రంగు మరకలా మారిపోతుంది. మనిషి ఫొటోకైనా ఇంతే. అపెర్చర్ గురించి ఆలోచించేలోపే మనిషిని గోడ దగ్గర నుంచి రెండడుగులు ముందుకు రమ్మనాలి. ఇది తెలిశాక నేను ఎఫ్/1.8 వాడటం బాగా తగ్గించాను.

దానికి ఇంకో కారణం కూడా ఉంది. ఎఫ్/1.8లో ఫొటో కొంచెం మెత్తగా వస్తుంది. ఎండ పడిన స్టీలు గిన్నెల అంచుల వెంట ఊదారంగు గీత కనిపిస్తుంది. ఎఫ్/2.8కి వస్తే ఆ గీత చాలావరకు తగ్గి, కనురెప్పల వెంట్రుకలు తేటగా పడతాయి. ఒక్కరైతే ఎఫ్/2.8, పక్కపక్కన ఇద్దరుంటే ఎఫ్/4. నా లెక్క ఇదే. పైగా మన మధ్యాహ్నపు ఎండలో ఎఫ్/1.8 పెడితే ఐఎస్ఓ 100 దగ్గర కూడా షట్టర్ వేగం 1/8000 (సెకనులో ఎనిమిదివేలో వంతు) దాకా కావాలి. 200డీ షట్టర్ 1/4000 దగ్గరే ఆగిపోతుంది, ఫొటో తెల్లగా పాలిపోతుంది. ఎఫ్/2.8 అయితే ఆ హద్దులోనే సరిపోతుంది.

షట్టర్ సంగతి నాకు పూర్తిగా ఒంటబట్టింది బతుకమ్మ ఆటలో. లెన్సులో చేతి వణుకును సరిచేసే స్టెబిలైజర్ లేదు, చేత్తో పట్టుకుని తీయాలంటే నేను 1/125 కిందికి దిగను. ఆ సాయంత్రం మాత్రం కెమెరాను పిట్టగోడ మీద ఆనించి, టీవీ మోడ్‌లో (షట్టర్ వేగం మనమే పెట్టే మోడ్) 1/8 పెట్టాను. మధ్యలో కదలకుండా ఉన్న బతుకమ్మ మీద తంగేడు పూలు విడివిడిగా తేలాయి. చుట్టూ తిరిగే ఆడవాళ్ల చీరలు రంగుల గీతలై సాగిపోయాయి. అదే ఆట 1/500లో తీస్తే చప్పట్లకు లేచిన చేతులు గాలిలో నిలబడిపోయాయి, ఆట మాత్రం ఫొటోలోకి రాలేదు. నాకైతే 1/8 ఫొటోనే ఇష్టం. రంగు వేయని తెల్లటి గునుగు పూలను దగ్గరగా తీసేటప్పుడు ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (ఫొటో వెలుగును పెంచే, తగ్గించే సెట్టింగ్) కొంచెం ప్లస్‌లో పెట్టాలి. వెలుతురు కొలిచే కెమెరా మీటరు ఎదురుగా ఉన్నదేదైనా నడిమి బూడిదరంగులోకి తేవాలని చూస్తుంది, అలా వదిలేస్తే తెల్లపూలు మాసినట్టు వస్తాయి.

పెళ్లి మంటపాల్లో ఎల్ఈడీ లైట్లుంటే ఒక జాగ్రత్త కావాలి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చాలా లైట్ల వెలుగు సెకనుకు వందసార్లు పెరిగి తగ్గుతుంది. షట్టర్ వేగం పెంచితే ఫొటోకి అడ్డంగా చారలు పడొచ్చు. 1/100 లేదా 1/50 పెట్టుకుంటే టెన్షన్ ఉండదు.

ఇక ఇబ్బందులు. 200డీ సెన్సర్ చిన్నది, అందుకే ఈ 50 పెద్ద సెన్సరున్న ఫుల్‌ఫ్రేమ్ కెమెరా మీద 80 ఎంఎంతో సమానం, అంటే ఫ్రేములో తక్కువ మేరే పడుతుంది. చార్మినార్‌ని అడుగు నుంచి మినార్ల కొసదాకా పట్టాలంటే కెమెరా నిలువుగా పట్టుకున్నా వంద మీటర్లు దాటి వెనక్కి వెళ్లాలి, ఆ రద్దీలో అడ్డు లేని చోటు దొరకదు. అదే పక్కనున్న లాడ్ బజార్‌లో లక్క గాజులు చేసే చేతులను తీయడానికి దీన్ని మించింది నా దగ్గర లేదు. 35 సెంటీమీటర్ల దాకా దగ్గరకు వెళ్లొచ్చు, వేలి కొసతో అద్దపు ముక్క నొక్కే క్షణం ఫ్రేము నిండా వస్తుంది. మాన్యువల్ ఫోకస్ రింగు మోటారు ద్వారా పనిచేస్తుంది, కెమెరా ఆఫ్‌లో ఉంటే తిప్పినా ఏమీ జరగదు. చీకట్లో వ్యూఫైండర్‌లో చూస్తూ ఫోకస్ చేస్తే లెన్సు అటూ ఇటూ వెతుక్కుంటుంది, అప్పుడు నేను లైవ్ వ్యూకి (వెనక తెర మీద చూస్తూ తీయడానికి) మారతాను. వానాకాలంలో గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ వేసి పెడుతున్నాను, ఇప్పటిదాకా ఫంగస్ రాలేదు.

చిన్న హాల్లో బంధువులందరినీ ఒకే ఫొటోలో పట్టాలనుకునేవాళ్లకు ఇది పనికిరాదు, వాళ్లు కిట్ లెన్సునే 18 దగ్గర వాడుకోవాలి. మిగతావాళ్లు కొనేముందు అదే కిట్ లెన్సును 50 దగ్గర పెట్టి, జూమ్ రింగు కదలకుండా టేపు వేసి, ఒక వారం అలాగే తీసి చూడండి. నడిచి దూరం సరిచేసుకోవడం నచ్చితే అప్పుడు డబ్బు పెట్టండి.