నాలుగేళ్లుగా రీపర్‌లో పాత మిడి ఫైళ్లతో కుస్తీ

చెన్నై సాలిగ్రామంలో నాది ఒంటి గది పోర్షన్. పగలు గిండీలో లెక్కల ఉద్యోగం, రాత్రి భజన బృందాలకీ పెళ్లి ఆర్కెస్ట్రాలకీ ట్రాకులు చేయడం. నాలుగేళ్ల కిందట మా మాస్టారు ఒక బిస్కెట్ డబ్బా ఇచ్చారు. ఆయనది నెల్లూరు, ఆర్కెస్ట్రాల్లో కీబోర్డు వాయించి వాయించి ఇక్కడే స్థిరపడ్డారు. డబ్బా నిండా ఫ్లాపీలు. "అబ్బాయ్, ఇందులో నా ముప్పై ఏళ్ల కష్టం ఉంది, కంప్యూటర్లోకి ఎక్కించి పెట్టు" అన్నారు. రిచ్చీ స్ట్రీట్‌లో యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవ్ ఒకటి దొరికింది. పాడైనవి పోగా రెండొందల పైచిలుకు మిడి ఫైళ్లు బయటపడ్డాయి. అప్పటినుంచి వాటిని రీపర్ అనే సంగీతం రికార్డు చేసే సాఫ్ట్‌వేర్‌లోనే తెరుస్తున్నాను. 60 రోజులు ఉచితంగా వాడి చూసుకుని, తర్వాత 60 డాలర్ల లైసెన్సు కొన్నాను.

కొత్తవాళ్లు మొదట కంగారుపడేది ఫైలు లాగి పడేసి ప్లే నొక్కితే ఏమీ వినపడకపోవడం చూసి. మిడి ఫైల్లో శబ్దం ఉండదు. కీబోర్డులో ఏ మెట్టు, ఎప్పుడు, ఎంత గట్టిగా, ఎంతసేపు అన్న సూచనలు మాత్రమే ఉంటాయి. వాయించే వాద్యాన్ని మనమే తగిలించాలి. రీపర్‌తో వచ్చే సింథ్, అంటే శబ్దం పుట్టించే ప్రోగ్రాము, టెస్టింగుకి సరిపోతుందంతే, కాబట్టి ఒక సౌండ్‌ఫాంట్ ప్లేయరో (రికార్డు చేసిన వాద్య శబ్దాలను వాయించేది), మంచి వాద్యం ప్లగినో (రీపర్‌కి తగిలించే అదనపు ప్రోగ్రాము) ముందే పెట్టుకోండి.

మాస్టారి ఫైళ్లన్నీ టైప్ 0. అంటే ఒక్కో వాద్యానికి ఒక్కోటిగా ఉండే 16 ఛానెళ్ల సరుకూ ఒకే ట్రాకులో కిక్కిరిసి ఉంటుంది. దాన్ని ఛానెల్ వారీగా విడగొట్టడం రీపర్‌లో ఒక్క కమాండ్ పని. పదో ఛానెల్ డ్రమ్స్‌ది. అక్కడ 36వ నంబరు మెట్టు అంటే కిక్ డ్రమ్ము, 38 అంటే స్నేర్ డ్రమ్ము. ఆ ట్రాకుకి మృదంగం ప్లగిన్ తగిలిస్తే మాత్రం ఏ దెబ్బ ఏ మెట్టు మీద ఉందో మళ్లీ జత చేసుకోవాలి. ఒక ఆదివారం మొత్తం దానికే పోయింది.

అసలు తలనొప్పి టెంపో. మాస్టారు క్లిక్, అంటే తాళం టిక్కులు, పెట్టుకుని వాయించే మనిషి కాదు. కీబోర్డు మాత్రం ఫైల్లో నిమిషానికి 120 బీట్లు అని రాసుకుంది. వినడానికి పాట బాగానే ఉంటుంది, తెర మీద చూస్తే ఒక్క స్వరమూ తాళం కొలిచే బారు గీత మీద ఉండదు. ఐటమ్ సోర్స్ ప్రాపర్టీస్‌లో ప్రాజెక్టు టెంపోను పట్టించుకోవద్దని చెప్పే టిక్కు ఒకటి ఉంది. ముందు అది పెట్టాలి, లేకపోతే టెంపో మార్చినప్పుడల్లా స్వరాలూ దానితోపాటు జరుగుతాయి. తర్వాత ఒక ఆదితాళం ఆవర్తనాన్ని చెవితో పట్టుకుని ఎంచుకుని, దాన్నిబట్టి టెంపో పెట్టమంటే పని అయిపోతుంది. మొదటి ఫైలుకి 92 దగ్గర తేలింది.

ఫైలు తెచ్చేటప్పుడు దాని టెంపోని ప్రాజెక్టులోకి తేవాలా అని రీపర్ అడుగుతుంది. ప్రాజెక్టు ఖాళీగా ఉంటే తెచ్చుకోండి. అప్పటికే గాత్రం రికార్డయి ఉంటే ఆలోచించి నొక్కండి. నేను నిద్రమత్తులో సరే అన్నాను. గాయని గొంతు రబ్బరులా సాగింది. తప్పు నాదే, కంట్రోల్ జెడ్ కాపాడింది.

ఇక గమకం. మాయామాళవగౌళ రాగంలో ఒక కీర్తన, వీణ ట్రాకు. మాస్టారు కీబోర్డులో స్వరాన్ని పైకీ కిందికీ జార్చే బెండ్ వీల్ తిప్పుతూ వాయించినది. నేను మంచి వీణ ప్లగిన్ తగిలించి, మురిసిపోతూ ఆయనకి వినిపించాను. మొదటి సంగతి దగ్గరే మొహం చిట్లించారు.

"ఏమబ్బాయ్, వీణకి జ్వరమొచ్చిందా?"

"అదేంటి మాస్టారూ, మీరు వాయించిందే కదా?"

"నేను రిషభానికి జారాను. అది ప్రతి మధ్యమం మీద దూకుతోంది. ఈ రాగంలో ఆ స్వరమే లేదు!"

ఆ రాత్రి ఫైల్లోని సూచనలన్నీ వరసగా చూపే ఈవెంట్ లిస్టు తెరిచి ఒక్కో అంకె చూశాను. పిచ్ బెండ్, అంటే ఆ వీల్ కదలిక, మధ్య నుంచి పైకి 8191 దాకా వెళ్తుంది. మాస్టారి కీబోర్డులో ఆ మొత్తం రెండు సెమీటోన్లకి, అంటే రెండు మెట్లకి సమానం. షడ్జం నుంచి శుద్ధ రిషభం ఒక సెమీటోన్, కాబట్టి ఫైల్లో దాదాపు 4096 అని ఉంది. నా వీణ ప్లగిన్‌లో పెద్ద జారుల కోసం అదే వీల్‌ని 12 సెమీటోన్లకి పెట్టి ఉంచాను. అక్కడ 4096 అంటే ఆరు సెమీటోన్లు. లెక్కపెట్టుకోండి, స నుంచి ఆరో మెట్టు కచ్చితంగా ప్రతి మధ్యమమే. ఆయన చెవి అంత కరెక్టు!

ప్లగిన్‌లో రేంజ్‌ని 2కి దించగానే వీణ కుదుటపడింది. కొన్ని ఫైళ్లలో ఈ రేంజ్ కూడా రాసి ఉంటుంది. కంట్రోలర్లంటే నంబరుతో వచ్చే అమరిక సూచనలు; వాటిలో 101, 100 సున్నాగా వచ్చి, వెంటనే 6వ కంట్రోలర్‌లో వచ్చే అంకే అది. అయితే దాన్ని లెక్కచేయని ప్లగిన్లూ ఉన్నాయి. అందుకే ఇప్పుడు ఫైలు తెరవగానే నేను ముందు చూసేది ఈవెంట్ లిస్టే, ప్లే బటన్ తర్వాత.

అదే లిస్టులో 7వ కంట్రోలర్, అంటే వాల్యూమ్, కనిపిస్తే తీసేస్తాను. ప్లగిన్‌లో నేను తగ్గించిన వాల్యూమ్‌ని మళ్లీ మొదటినుంచి ప్లే చేయగానే అది పాత చోటికి తోసేస్తుంది. వాద్యం మార్చమని చెప్పే ప్రోగ్రామ్ చేంజ్‌లూ తీసేస్తాను. పిచ్ బెండ్, సస్టెయిన్ పెడల్ మాత్రం ముట్టుకోను. క్వాంటైజ్, అంటే స్వరాలను గీతల మీదికి లాగడం, కూడా డ్రమ్స్‌కి తప్ప చేయను. ఒకసారి వీణకి చేసి చూశాను, మాస్టారి చేయి మాయమై టైపింగు ఇన్‌స్టిట్యూట్ పరీక్షలా వినిపించింది.

కాస్త ఓపిక ఉండి, పాత ఆర్కెస్ట్రా ఫైళ్లు చేతిలో ఉన్నవాళ్లకి రీపర్ చెబుతాను. తెరవగానే సిద్ధంగా సౌండ్లు కావాలనుకుంటే ఇది మీకు కాదు.

పోయిన వారం మాస్టారు ఫోన్ చేసి, పాడే అమ్మాయికి గొంతు పట్టేసింది, శ్రుతి ఒక మెట్టు దించమన్నారు. అన్ని ట్రాకులూ ఎంచుకుని ఒక సెమీటోన్ దించాను, పావు నిమిషం పట్టలేదు. ప్లే చేస్తే మృదంగం ఏదేదో వాయిస్తోంది. దాన్నీ దించేశాను కదా, ఒక్కో దెబ్బా పక్క మెట్టు మీదికి జరిగిపోయింది. ఆ ఒక్క ట్రాకూ పైకి జరిపి పంపాను. "బావుంది, ఇంకో మెట్టు దించు" అని మెసేజ్ వచ్చింది.