తూలే మనిషికి తోడు: గ్రేట్ డేనా, లాబ్రడారా?

నాన్నగారికి పార్కిన్సన్స్ అనో, అమ్మకి పక్షవాతం వచ్చి తగ్గాక ఒక కాలు సరిగా పడట్లేదనో చెప్పి, "పెద్ద జాతి కుక్కనైతే పట్టుకుని నడుస్తారు కదా" అని అడిగేవాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు. అంతా వీడియోల పుణ్యం. అమెరికాలో మసాచుసెట్స్‌లోని ఇప్స్‌విచ్ అనే ఊళ్లో సర్వీస్ డాగ్ ప్రాజెక్ట్ అనే సంస్థ గ్రేట్ డేన్‌లకి శిక్షణ ఇచ్చి, నడకలో తూలేవాళ్లకి తోడుగా పంపిస్తుంది. ఆ వీడియోలు చూస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది. హైదరాబాద్ సైనిక్‌పురిలో మా ఇంట్లో డేన్ ఉంది, మియాపూర్‌లో మా చెల్లెలి ఫ్లాట్‌లో లాబ్ ఉంది. రెంటినీ దగ్గరుండి చూస్తున్నదాన్ని కాబట్టి నా లెక్క నేను చెప్తాను.

ముందు డేన్ గొప్పతనం ఒప్పుకోవాలి. మగ డేన్ భుజం దగ్గర 76 సెంటీమీటర్ల పైనే ఉంటుంది, బరువు 60 నుంచి 80 కిలోల దాకా తూగుతుంది. లాబ్ 55–62 సెంటీమీటర్లు, మహా అయితే 36 కిలోలు. డేన్‌కి గట్టి హ్యాండిల్ ఉన్న హార్నెస్ (ఒంటి చుట్టూ కట్టే పట్టీలు) వేస్తే, మనిషి వంగకుండానే అది చేతికి అందుతుంది. చాలామంది అనుకున్నట్టు కుక్క మీద బరువంతా మోపి నడవడం కాదిది. అలా మోపితే డేన్ వెన్నెముక కూడా పాడవుతుంది. మనిషి ఒక పక్కకి ఒరుగుతున్నప్పుడు కుక్క ఆగి, కాళ్లు నిలదొక్కుకుని నిలబడుతుంది. కదలని ఆధారం ఒకటి చేతికి తెలిస్తే ఒళ్లు తనంతట తానే సర్దుకుంటుంది. లాబ్‌తో ఈ పని చేయించకూడదు. దాని కోసం మనిషి వంగాలి, వంగితే ఇంకా తూలుతాడు, దాని భుజాలూ దెబ్బతింటాయి. ఈ ఒక్క పనిలో డేన్‌కి లాబ్ సాటి రాదు.

సెయింట్ బెర్నార్డ్ సంగతీ అడుగుతుంటారు. ఆల్ప్స్ మంచు కోసం పెరిగిన బొచ్చుతో మన మే నెల 42 డిగ్రీల్లో దాన్ని ఉంచడం పాపం. వదిలేద్దాం.

ఇక లెక్క. డేన్ ఆయుష్షు 7 నుంచి 10 ఏళ్లు. ఎముకల ఎదుగుదల పూర్తవడానికే ఏడాదిన్నర నుంచి రెండేళ్లు పడుతుంది, అప్పటిదాకా హార్నెస్ మీద భారం పడకూడదు. చివరి ఏడాదో రెండేళ్లో తుంటి నొప్పులు దానికే ఉంటాయి. మధ్యలో మనకి దక్కేది నాలుగైదేళ్ల సేవ. ప్రపంచంలోనే ఎత్తైన కుక్కగా గిన్నిస్ రికార్డుకెక్కిన జ్యూస్ కూడా డేనే, మిషిగన్‌లో ఉండేది, 111.8 సెంటీమీటర్లు. అది 2014లో ఐదేళ్ల వయసులోనే పోయింది. లాబ్ అయితే 11 నుంచి 13 ఏళ్లు బతుకుతుంది, పని కూడా ఎనిమిదేళ్లకి తక్కువ కాకుండా చేస్తుంది. అరవై ఐదేళ్ల నాన్నగారికి ఇప్పుడు డేన్ పిల్లని తెస్తే, ఆయనకి ఆసరా బాగా అవసరమయ్యే డెబ్బై రెండో ఏటికి అదే ముసలిదైపోతుంది.

ఇంట్లో సంగతి చూడండి. మన ఇళ్లలో నేలంతా విట్రిఫైడ్ టైల్సో గ్రానైటో. దాని మీద డేన్ లేవాలంటే ముందు కాళ్లు జారతాయి, వెనక కాళ్లు విడిపోతాయి. మంచం నుంచి బాత్రూం దాకా, హాల్లో, వంటింటి గుమ్మం దగ్గర రబ్బరు మ్యాట్లు పరిస్తే తప్ప మా వాడు లేచి నిలబడడు. అడుగు జారే కుక్క మనిషినేం ఆపుతుంది? తోక ఇంకో కథ. సంతోషం వస్తే టీపాయి మీద గ్లాసులు ఎగిరిపోతాయి. తోక చివర గోడకి కొట్టుకుని చిట్లితే, మళ్లీ ఊపినప్పుడల్లా పెయింటు మీద రక్తం చుక్కలే. పైగా ప్రేమొస్తే డేన్ మనిషి మీదికి ఒరిగి నిలబడుతుంది. ఆరోగ్యంగా ఉన్న నాకే అడుగు వెనక్కి పడుతుంది, తూలే మనిషి సంగతి మీరే ఊహించుకోండి. అలా ఒరగకూడదని చిన్నప్పటి నుంచీ నేర్పాలి. మియాపూర్ తీసుకెళ్తే అక్కడి వాచ్‌మన్ "గిది కుక్కనా, దూడనా మేడమ్?" అని లిఫ్ట్ దగ్గర పక్కకి జరుగుతాడు.

తిండి ఖర్చు అందరూ ముందే ఊహిస్తారు కానీ, మందులు కూడా బరువు లెక్కనే అన్నది తట్టదు. నులిపురుగుల మాత్రలు చాలావరకు పది కిలోలకి ఒకటి చొప్పున. లాబ్‌కి మూడు చాలు, డేన్‌కి ఆరేడు. టిక్స్ (పిడుదులు) మందూ, మత్తు ఇంజెక్షనూ అంతే. ఇంకో మాట, పిల్ల త్వరగా బలంగా అవ్వాలని కాల్షియం సిరప్ పోసే అలవాటు మనవాళ్లకి ఉంది. పెద్ద జాతి పిల్లలకి అది విషంతో సమానం. ఎక్కువైన కాల్షియాన్ని వాటి ఒళ్లు వదిలించుకోలేదు, ఎముకలు వంకరపోతాయి. వాటి కోసం తయారుచేసిన పప్పీ ఫుడ్ పెట్టి, నెమ్మదిగా పెరగనివ్వాలి.

అన్నిటికంటే టెన్షన్ పెట్టేది పొట్ట మెలిపడడం. గ్యాస్‌తో ఉబ్బి కడుపు తిరగబడుతుంది. కుక్క వాంతి చేసుకోబోతుంది కానీ ఏమీ రాదు. గంటల్లో ఆపరేషన్ చేయకపోతే దక్కదు. అర్ధరాత్రి అయితే 65 కిలోల కుక్కని కారెక్కించేదెవరు? తూలే మనిషి ఎక్కించలేడు. కాబట్టి డేన్ ఉన్న ఇంట్లో బలమైన రెండో మనిషి ఉండి తీరాలి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించేటప్పుడే, కడుపు సంచిని పొట్ట లోపలి గోడకి కలిపి కుట్టు వేయించుకుంటే మెలిపడే ప్రమాదం చాలావరకు తప్పుతుంది.

బయట సంగతికొస్తే, అమెరికాలో 1990 నాటి చట్టం సర్వీస్ డాగ్‌ని హోటళ్లలోకీ దుకాణాల్లోకీ రానిస్తుంది. మన దగ్గర అలా రాసిపెట్టిన చట్టం లేదు. మాల్ గేటు దగ్గరే ఆపేస్తారు. కుక్కలతో తిరగడానికి కొండాపూర్‌లో జీహెచ్‌ఎంసీ కట్టించిన డాగ్ పార్క్ ఉంది, మిగతా చోట్ల వీధి కుక్కల గుంపు డేన్‌ని చూసి పేట అంతా లేపుతుంది. అసోసియేషన్ వాళ్లు లిఫ్ట్ వద్దంటే మాత్రం జంతు సంక్షేమ బోర్డు 2015 మార్గదర్శకాలు చూపించండి. కుక్క పెద్దదని ఇంట్లో ఉండనివ్వకపోవడం, లిఫ్ట్ ఆపడం కుదరదని వాటిలో ఉంది. 2024 మార్చిలో కేంద్రం ప్రమాదకరమంటూ 23 జాతుల అమ్మకం, పెంపకం ఆపమన్న జాబితా ఇప్పటికీ గ్రూపుల్లో తిరుగుతుంటుంది. అందులో డేన్ పేరు లేదు, ఆ ఉత్తర్వునీ కోర్టులు కొట్టేశాయి.

అంటే మన ఊళ్లో ఈ కుక్క సేవంతా ఇంట్లో, వీధి చివరి దాకా. ఇంట్లో పట్టుకోవడానికి బాత్రూం గోడకి బిగించిన స్టీలు పైపు ఏ కుక్కకన్నా నమ్మకంగా పనిచేస్తుంది. ఆ పైపు చేయలేని పనులు వేరే ఉన్నాయి. పడిపోయిన చేతికర్ర తీసివ్వడం, ఫోన్ తెచ్చివ్వడం, మనిషి పడిపోతే పక్కగదిలో ఉన్నవాళ్లని మొరిగి పిలవడం. అవి లాబ్‌కి బిస్కెట్ ముక్కతో నేర్పొచ్చు, ఇక్కడి ట్రైనర్లకీ అది చేతనైన పనే. తూలే మనిషికి హార్నెస్‌తో ఆసరా ఇవ్వడం అందరికీ వచ్చిన విద్య కాదు.

అందుకని ఫ్లాట్ అయితే లాబ్, వాకర్, గోడకి పైపు. నా ఓటు దానికే. కింది అంతస్తులో సొంతిల్లు, పెరడు, బలమైన కొడుకో కూతురో ఇంట్లోనే ఉండి, రెండేళ్లు ఆగే ఓపిక ఉంటే, ఫిజియోథెరపిస్ట్‌ని అడిగి డేన్ గురించి ఆలోచించండి. ఏది తీసుకున్నా పిల్ల ముద్దుగా ఉందని డబ్బు కట్టకండి. తల్లీ తండ్రీ తుంటి ఎక్స్‌రేలు అడగండి, డేన్ అయితే గుండె స్కాన్ రిపోర్టు కూడా. "మా కుక్కల వంశంలో అలాంటి జబ్బులు లేవండీ" అని కాగితం చూపించని బ్రీడర్ దగ్గర నుంచి లేచి వచ్చేయండి.