రేడియో ఫ్రీక్వెన్సీ సర్క్యూట్లలో బదులు కెపాసిటర్లు: పదేళ్ల వాడకం తర్వాత

పాత రిసీవర్లనూ చిన్న ట్రాన్స్‌మిటర్లనూ బాగుచేసే పనిలో పదేళ్లుగా పాడైన కెపాసిటర్లకు (విద్యుత్ చార్జిని నిల్వచేసే భాగాలకు) బదులుగా సీ0జీ సిరామిక్, సిల్వర్ మైకా, పాలీస్టైరీన్ రకాలను వాడుతున్నాను. వీటిలో ఎక్కువగా చేతికందేది సీ0జీ. ఎన్‌పీ0 అన్నా ఇదే. −55 నుంచి 125 డిగ్రీల సెల్సియస్ వరకు దీని విలువ, అంటే కెపాసిటెన్స్, డిగ్రీకి 30 పీపీఎం (పది లక్షల్లో 30 వంతులు) మించి మారదు. అదే పరిధిలో ఎక్స్7ఆర్ అనే మరో సిరామిక్ రకం విలువ 15 శాతం దాకా అటూ ఇటూ పోవచ్చు, పైగా డీసీ ఓల్టేజీ పడితే తగ్గుతుంది కూడా. కనుక దానిని సప్లయ్ బైపాస్‌కే, అంటే పవర్ లైన్‌లోని అలజడిని గ్రౌండుకు మళ్లించే పనికే, పరిమితం చేశాను.

అయితే సీ0జీ అన్నిచోట్లా సరిపోతుందన్న నమ్మకం ఒక 7 మెగాహెర్ట్జ్ ఆసిలేటర్ (సిగ్నల్‌ను పుట్టించే సర్క్యూట్) దగ్గర సడలింది. పగిలిన బిళ్ల సిరామిక్‌ను తీసి, అన్నే పికోఫారడ్ల సీ0జీ వేస్తే, సెట్టు వేడెక్కేకొద్దీ ఫ్రీక్వెన్సీ కిందికి జారసాగింది. తీసేసినదాని అంచున ఉన్న ఊదా రంగు గుర్తును నేను పట్టించుకోలేదు. అది ఎన్750 రకం, అంటే డిగ్రీకి 750 పీపీఎం చొప్పున విలువ తగ్గేలా కావాలనే తయారుచేసినది. వేడికి కాయిల్ ఇండక్టెన్స్ పెరిగితే ఆ పెరుగుదలను ఈ తగ్గుదల సరిచేస్తుంది. ఫ్రీక్వెన్సీని నిర్ణయించే కాయిల్, కెపాసిటర్ల జత (ట్యూన్డ్ సర్క్యూట్) మొత్తం కెపాసిటెన్స్‌లో 100 పీపీఎం తేడా వచ్చినా 7 మెగాహెర్ట్జ్ దగ్గర సుమారు 350 హెర్ట్జ్ జరుగుతుంది. మళ్లీ ఎన్750నే వెతికి వేశాక జారుడు ఆగింది.

పాలీస్టైరీన్ విలువ కూడా వేడికి కొద్దిగా తగ్గుతుంది కనుక కాయిళ్లకు మంచి జోడీయే. కాకపోతే 85 డిగ్రీలు దాటితే తట్టుకోలేదు. సోల్డరింగ్ చేసేటప్పుడు కెపాసిటర్ కాలిని (తీగను) పట్టకారుతో పట్టుకోకపోవడం వల్ల రెండింటిని కరిగించాను.

ట్రాన్స్‌మిటర్ అవుట్‌పుట్ ఫిల్టర్లకు నా ఎంపిక 500 ఓల్టుల సిల్వర్ మైకా. 50 ఓమ్‌ల లోడుకు 100 వాట్లు పోతున్నప్పుడు పీక్ ఓల్టేజీ 100 మాత్రమే కావచ్చు, కానీ లోడులోకి 1.4 ఆంపియర్ల కరెంటు పారుతుంది. ఫిల్టర్ కెపాసిటర్లలోనూ అదే స్థాయి కరెంటు ఉండవచ్చు. ఓల్టేజీ రేటింగ్ చూసి వేసిన చిన్న సిరామిక్ అక్కడ చేయి కాలేంత వేడెక్కింది. ఇప్పుడు ఒకదానికి బదులు రెండు పారలల్‌గా వేస్తున్నాను.

ఇక కాళ్ల పొడవు. ఆ తీగకూ ఇండక్టెన్స్ ఉంటుంది: మిల్లీమీటరుకు సుమారు 1 నానోహెన్రీ చొప్పున, 5 మిల్లీమీటర్ల కాళ్లు రెండున్న 1000 పికోఫారడ్ల కెపాసిటర్ 50 మెగాహెర్ట్జ్ దగ్గరే రెజొనెన్స్‌కు వచ్చి, ఆపైన కాయిల్‌లా ప్రవర్తిస్తుంది. అందుకే 144 మెగాహెర్ట్జ్ పనికి చిప్ కెపాసిటర్లే వాడుతున్నాను. వాటితో నాకున్న ఫిర్యాదు ఒక్కటే: ఒంటిమీద ఏ గుర్తూ ఉండదు. రీలు నుంచి జారిపడితే సీ0జీ ఏదో ఎక్స్7ఆర్ ఏదో తెలియదు కనుక, మీటరుకు తగిలించి సోల్డరింగ్ ఐరన్‌ను దగ్గరకు తెచ్చి చూస్తాను. రీడింగ్ కదిలితే అది బైపాస్ డబ్బాలోకి పోతుంది.