ఎగుడుదిగుడు కంచెకు చేతికత్తెర: కొన్నేళ్లు వాడిన తర్వాత

కొన్న కొత్తలో అడిగి ఉంటే, ఈ కత్తెర గురించి పదునుగా ఉందని, చేతికి బరువు లేదని చెప్పి ఊరుకునేదాన్ని. పనిముట్టు సంగతి అసలు తెలిసేది పదును తగ్గి, పిడులు వానకు తడిసి, బోల్టు వదులైన తర్వాతే. అవన్నీ చూశాను కాబట్టి ఇప్పుడు ధైర్యంగా చెబుతున్నాను: ఇంటి ముందున్న మొక్కల కంచెను మళ్లీ ఒక ఆకారానికి తెచ్చుకోవాలంటే కొమ్మలు కోసే మిషను కన్నా చేతికత్తెరే మేలు.

బెంగళూరు రామ్మూర్తినగర్‌లో మా కాంపౌండు గోడ వెంట దాదాపు 30 అడుగుల పొడవున డ్యూరాంటా కంచె ఉంది. ఈ ఊళ్లో అపార్టుమెంట్ల ముందు, రోడ్డు డివైడర్లలో ఎక్కడ చూసినా కనిపించే పసుపు ఆకుల మొక్క అదే. మునుపు కాంట్రాక్టు మనిషి మిషను తెచ్చి గబగబా పైపైన కోసి వెళ్లిపోయేవాడు. పైభాగం గొడుగులా విచ్చుకుంది, కింద ఆకు రాలి కాళ్లు బయటపడ్డాయి, గేటు వైపు ఒక ఎత్తు, నీళ్ల సంపు వైపు మరో ఎత్తు. ప్రతిసారీ ఒకే చోట కోస్తే అక్కడే సన్న రెమ్మలు పుట్టి పైన ఒక పెచ్చు కడుతుంది. దాన్ని వేళ్లతో విప్పి చూస్తే లోపలంతా ఎండు పుల్లలే. వెలుతురు అందని చోట చిగురు రాదు.

నా కత్తెర అలుగు, అంటే కోసే రేకు, 9 అంగుళాలు, అంచు తిన్ననిది. అలలుగా ఉండే అంచు రెమ్మను జారిపోకుండా పట్టుకుంటుంది, నిజమే. కానీ దాన్ని ఇంట్లో సానరాయి మీద పదును పట్టడం కష్టం. తిన్నని అంచుకు ఆ బాధ లేదు. ఏటవాలుగా ఉన్న వైపు మాత్రమే రాయితో రుద్ది, చదునుగా ఉన్న వైపు లేచిన గరుకును ఒక్కసారి తుడిచేస్తే చాలు. రెండు వైపులా రుద్దితే అలుగుల మధ్య సందు ఏర్పడి రెమ్మ తెగదు, మడతపడుతుంది.

అన్నిటికంటే నాకు పనికొచ్చిన మెళకువ చేతులది. రెండు పిడులనూ ఆడించకూడదు. ఒక పిడిని కంచె ముఖానికి ఆనించి కదలకుండా ఉంచి, రెండో చేత్తోనే కత్తిరించాలి. కదలని అలుగే కొలబద్ద అవుతుంది, గుంటలు పడవు. మిషనుతో ఈ వెసులుబాటు లేదు. ఒక్క క్షణం చేయి వాలిందంటే అడుగు మేర గుంట పడుతుంది, అది పూడటానికి నెలలు పడుతుంది.

ఎత్తు సరిచేయడానికి పక్కింటి పెద్దాయన సాయం చేశారు. హిందూపురం ఆయనది, ఇళ్లు కట్టించిన అనుభవం ఉన్నవారు. "దారం కట్టకుండా కత్తెర ముట్టుకోవద్దమ్మా. కంటిని నమ్మితే ప్రతి అడుగుకీ అర అంగుళం దిగిపోతావు" అన్నారు. మా వీధి వాలుగా ఉంటుంది కాబట్టి మట్టం చూసే నీళ్ల గొట్టం (లెవెల్ పైపు) పెట్టకుండా, గోడ పైఅంచు నుంచి కొలిచి రెండు చివరలా కర్రలు పాతి పురికొస బిగించాం. మట్టానికి సమంగా కట్టి ఉంటే గోడ పక్కన కంచె వంకరగా కనిపించేది. పక్కలు కోసేటప్పుడు కింది భాగం వెడల్పుగా, పైభాగం కాస్త ఇరుకుగా ఉండాలి. అప్పుడే కింది ఆకుకూ ఎండ తగులుతుంది. ఎంత ఖరీదైన పనిముట్టు వాడినా, ఈ ఆకారం తప్పితే కంచె కాళ్లు మళ్లీ బయటపడతాయి.

ఈ కత్తెర చేయలేని పని కూడా ఉంది. వేలి లావు దాటిన కొమ్మ జోలికి పోకూడదు. బలవంతం చేస్తే అలుగు మెలి తిరుగుతుంది. అలాంటి కొమ్మలకు సికేటరు (ఒంటిచేత్తో కొమ్మలు కోసే చిన్న కత్తెర), ఇంకా ముదిరినవాటికి చిన్న రంపం. పెచ్చు కట్టిన చోట అక్కడక్కడా ఒక్కో కొమ్మను సికేటరుతో లోపలిదాకా తీసేసి కిటికీలు తెరిచాను. కొన కోసేస్తే పక్క మొగ్గలను అణిచిపెట్టే హార్మోను తగ్గి అవి మేల్కొంటాయి. వెలుతురు పడ్డ చోటల్లా ముదురు కొమ్మకే చిగుళ్లు వచ్చాయి.

గట్టి కోత ఎప్పుడు పడితే అప్పుడు పనికిరాదు. మార్చి, ఏప్రిల్ ఎండల్లో కోస్తే నీడలో పెరిగిన లోపలి ఆకు మాడిపోతుంది. మే వానలు పడి నేల తడిసిన తర్వాత ఒక పక్క కోసి, అది చిగురించాకే రెండో పక్క ముట్టుకోవాలి. మా కంచె పూర్తిగా సర్దుకోవడానికి రెండు వానాకాలాలు పట్టింది. కోతకు ముందు కొమ్మలు తప్పించి గూళ్లున్నాయేమో తప్పక చూడండి. పిగిలిపిట్టలకు ఇలాంటి పొదలంటే ఇష్టం. పిల్లలూ పెంపుడు కుక్కలూ ఉన్న ఇంట్లో డ్యూరాంటా నారింజ రంగు కాయలను వెంటనే ఊడ్చేయాలి, అవి విషం.

ఇక లోపాలు. అలుగు ఇనుము పదును బాగా నిలుపుతుంది కానీ తడి తగిలితే తుప్పు పడుతుంది. పని అయ్యాక కిరోసిన్ గుడ్డతో జిగురు తుడిచి, ఒక చుక్క కుట్టుమిషను నూనె వేయకపోతే మర్నాటికే ఎర్రబడుతుంది. పిడుల మధ్య దెబ్బను ఆపే రబ్బరు ముక్క ముందుగా పాడయింది. విడిగా దొరకలేదు. పాత సైకిల్ ట్యూబు కోసి బిగించాను. ఆ రబ్బరు లేకుండా వాడితే మణికట్టు నొప్పి ఖాయం.

మీ కంచె 100 అడుగులు దాటితే, లేదా భుజం నొప్పి ఉంటే, బ్యాటరీ మిషను కొనుక్కోండి. ఆకారం ఒకసారి కుదిరాక దాన్ని నిలబెట్టడానికి అది చాలు. కత్తెరే కొనేటట్టయితే దుకాణంలో ఒక కాగితం అడిగి కోసి చూడండి. మొదలు నుంచి కొసదాకా తెగాలి. మధ్యలో బోల్టు ఉండాలి, రివెట్ (కొట్టి శాశ్వతంగా బిగించిన మేకు) ఉన్నది వద్దు. వదులైనప్పుడు రివెట్‌ను మనం బిగించుకోలేం.