పొగాకు నివారణకు డబ్బు: బడ్జెట్ కేటాయింపా, సెస్సా, లైసెన్స్ ఫీజా... ఏది మేలు?

కొన్నాళ్లుగా ఒకే ప్రశ్న పదేపదే అడుగుతున్నారు. "పొగాకు నివారణ, అవగాహన కార్యక్రమాలకు మా కౌన్సిల్ డబ్బివ్వడానికి సుముఖంగా ఉంది. ఏ రూపంలో ఇమ్మని అడగాలి?" అడిగేవాళ్లలో టీచర్లున్నారు, ఆరోగ్య కార్యకర్తలున్నారు, మొదటిసారి గెలిచిన సభ్యులూ ఉన్నారు. ఎంత వస్తుందన్నదే అందరి టెన్షన్. నేను మాత్రం ముందు ఇంకోటి చూస్తాను. మూడో ఏడాది ఆ డబ్బు ఉంటుందా?

మొదటి ఏడాది మనుషుల్ని తీసుకోవడానికి, శిక్షణకే సరిపోతుంది. రెండో ఏడు బడుల్లో, వీధుల్లో పని ఊపందుకుంటుంది. మానేయాలనుకునేవాళ్లు తమంతట తామే వచ్చి అడగడం అప్పుడే మొదలవుతుంది. సరిగ్గా ఆ సమయానికి డబ్బు ఆగితే అప్పటిదాకా పెట్టిందంతా వృథా. పైగా ప్రతి ఏడాదీ పన్నెండు పదమూడేళ్ల పిల్లలు కొత్తగా వస్తూనే ఉంటారు. నిరుడు అన్నలకు, అక్కలకు చెప్పింది వీళ్లకు తెలియదు.

నేను పాలుపంచుకున్న ఒక కార్యక్రమం ఇలాగే ఆగిపోయింది. చాలాకాలం తర్వాత ఆ ఆఫీసులో బీరువా తెరిచి చూశాను. చుట్టచుట్టి పెట్టిన చార్టులు, ఊపిరితిత్తుల ప్లాస్టిక్ బొమ్మ, కింద ఒక రిజిస్టర్. మానేస్తామని పేరు రాయించుకున్నవాళ్ల జాబితా అది. "మళ్లీ ఫోన్ చేయాలి" అన్న గడిలో ఒక తేదీ దాకా టిక్కులున్నాయి. ఆ తర్వాత పేర్లున్నాయి గానీ టిక్కుల్లేవు. ఎవరూ కార్యక్రమాన్ని వ్యతిరేకించలేదు. బడ్జెట్‌లో ఆ పద్దు ఎదురుగా సున్నా పడింది, అంతే.

అందుకే ఏటా బడ్జెట్‌లో కేటాయింపు అంటే నాకు భయం. దానికున్న మంచి కాదనను. కొత్త చట్టం అక్కర్లేదు, ఒక్క సమావేశంలో తేలిపోతుంది, పెద్ద మొత్తం కూడా రావచ్చు. కానీ రోడ్డు, నీళ్లు, జీతాలతో ప్రతి ఏడూ పోటీ పడాలి. నీళ్లు రాకపోతే రేపే జనం వచ్చి నిలదీస్తారు. ఒక పిల్లాడు సిగరెట్ ముట్టించకపోతే ఎవరికీ కనపడదు. కోత పెట్టాల్సి వస్తే ముందు దీని మీదే కత్తి పడుతుంది.

సెస్ అంటే ఒక ప్రత్యేక పని కోసమని వేసే అదనపు పన్ను. ఇది సిగరెట్ల అమ్మకం మీదే వసూలవుతుంది. దానికి మొదటి లాభం వేరే ఉంది. ధర పెరగడమే ఒక నివారణ. ధర 10 శాతం పెరిగితే సంపన్న దేశాల్లో వాడకం సుమారు 4 శాతం తగ్గుతుందని అంచనా. పిల్లలు, చేతిలో డబ్బు తక్కువున్నవాళ్లు ఇంకా త్వరగా వెనక్కి తగ్గుతారు. అయినా సెస్ పేరు వినగానే సంబరపడొద్దు. అమెరికాలోని రెండు రాష్ట్రాల అనుభవం పక్కపక్కన పెట్టి చూడండి.

కాలిఫోర్నియాలో 1988లో ఓటర్లు 99వ ప్రతిపాదనను ఆమోదించారు. పెట్టెకు 25 సెంట్ల అదనపు పన్ను, అందులో 20 శాతం ఆరోగ్య అవగాహన ఖాతాకు. ఆ డబ్బులోంచే 58 కౌంటీలకు (మన జిల్లాల్లాంటివి), సొంత ఆరోగ్య శాఖలున్న మూడు నగరాలకు వాటా వెళ్లేలా ఏర్పాటు చేశారు. అంటే పని చేయాల్సిన స్థానిక సంస్థ చేతికే డబ్బు అందింది. మసాచుసెట్స్‌లో 1992లో ఓటర్లు అచ్చం అలాగే 25 సెంట్ల పన్నుకు ఓటేశారు. పన్ను ఒకటే, ఉద్దేశం ఒకటే.

తేడా ఆ డబ్బుకు వేసిన తాళంలో ఉంది. 1992లో కాలిఫోర్నియా గవర్నర్ పీట్ విల్సన్ పొగాకు వ్యతిరేక ప్రకటనల డబ్బును ఆపారు. ఊపిరితిత్తుల ఆరోగ్యం కోసం పనిచేసే అమెరికన్ లంగ్ అసోసియేషన్ కోర్టుకెళ్లి గెలిచింది. ఈ డబ్బు ఫలానా పనికే అని చట్టంలో రాసి ఉంది కాబట్టే చూపించడానికి వాళ్లకొక ఆధారం దొరికింది. ఆ తర్వాతా కొన్నేళ్లు ఆ నిధిని వైద్య సేవలకు మళ్లించారు. దాని మీదా మళ్లీ కోర్టుకెళ్లి గెలిచారు. మసాచుసెట్స్‌లో మాత్రం పన్ను డబ్బు ఒక నిధిలో పడినా, అందులోంచి ఎంత ఇవ్వాలన్నది ఏటా శాసనసభే తేల్చాలి. 2002-03 ప్రాంతంలో ఖజానా కష్టాల్లో పడేసరికి కార్యక్రమానికి 90 శాతానికి పైగా కోత పెట్టారు. పన్ను వసూలు ఆగలేదు, కార్యక్రమం కుప్పకూలింది.

నా దృష్టిలో ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. సెస్ ఎంత అన్నది తర్వాత. ఎవరి సంతకంతో ఆ డబ్బు ఆగిపోగలదో ముందు అడగండి.

సెస్ మీద ఒక అభ్యంతరం సబబైనదే. జనం మానేసే కొద్దీ వసూలు తగ్గుతుంది. కాలిఫోర్నియా 25 సెంట్లు ధరలతో పాటు పెరగలేదు కూడా. చివరికి 2016లో మరో ప్రతిపాదనతో పెట్టెకు 2 డాలర్లు కలపాల్సి వచ్చింది. కాబట్టి సెస్‌ను ధరల పెరుగుదలతో ముడిపెట్టమని మొదటే అడగడం మంచిది. పొగాకు, మద్యం మీద 2 శాతం సర్‌ఛార్జితో 2001లో థాయ్‌లాండ్‌లో ఏర్పడిన ఆరోగ్య నిధి థాయ్ హెల్త్ లాంటి సంస్థలకు ఈ చిక్కు కొంత తక్కువ, ఎందుకంటే అక్కడ లెక్క శాతంలో ఉంటుంది.

చాలా స్థానిక సంస్థలకు పన్ను వేసే అధికారం ఉండదు. వాళ్లకు దగ్గరి దారి దుకాణాల లైసెన్స్ ఫీజు. ఇది పెట్టెల లెక్క మీద కాక దుకాణాల లెక్క మీద వస్తుంది కాబట్టి అంత త్వరగా కరిగిపోదు. అయితే చాలా చోట్ల ఫీజు డబ్బును తనిఖీ ఖర్చులకు మించి వాడడానికి చట్టం ఒప్పుకోదు. అవగాహన తరగతులకు అందులోంచి ఇవ్వలేకపోవచ్చు.

దానికి నిరాశపడకండి. తనిఖీ కూడా నివారణే. వయసు నిండని కుర్రాడిని అధికారి వెంటబెట్టుకెళ్లి దుకాణానికి పంపుతారు. వాడు సిగరెట్ అడుగుతాడు. వయసు అడక్కుండా ఇచ్చేస్తే లైసెన్స్ మీద చర్య. ఒక వీధిలో ఒక్కడి లైసెన్స్ నెల రోజులు ఆగినా మిగతా వీధంతా వయసు అడగడం మొదలుపెడుతుంది. క్లాసులో చెప్పడమొక్కటే చాలనుకునేవాళ్లు వాషింగ్టన్ రాష్ట్రంలో జరిగిన హచిన్సన్ అధ్యయనం చూడాలి. 40 పాఠశాల డిస్ట్రిక్ట్‌లు, 8 వేలకు పైగా పిల్లలు, దాదాపు 15 ఏళ్ల పరిశీలన. ప్రత్యేక పాఠాలు విన్న పిల్లలకూ విననివాళ్లకూ పొగతాగడంలో చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. పాఠం వద్దని నేననను. బడి గేటు బయట సిగరెట్ దొరుకుతున్నంతకాలం పాఠానికి బలం చాలదు.

మిగతావి క్లుప్తంగా. జరిమానాల సొమ్ము ఎప్పుడొస్తుందో, ఎంతొస్తుందో తెలియదు, దాన్ని నమ్ముకుని ఉద్యోగిని పెట్టుకోలేం. కోర్టు పరిష్కారాల డబ్బు పెద్దదే. 1998లో సిగరెట్ కంపెనీలు 46 అమెరికా రాష్ట్రాలకు 25 ఏళ్లలో 206 బిలియన్ డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకున్నాయి, కానీ అందులో ఎక్కువ భాగం ఇతర ఖర్చులకే పోయింది. ఇక పొగాకు కంపెనీల విరాళం వద్దే వద్దు. సిగరెట్ కంపెనీ ఫిలిప్ మోరిస్ 1998లో యువత కోసం నడిపిన ప్రకటనలు చూసిన పిల్లల్లో సిగరెట్ వైపు మొగ్గు ఎక్కువగా కనపడిందని పరిశోధకులు తేల్చారు.

అడిగేటప్పుడు తీర్మానంలో ఈ మాటలు ఉండేలా చూసుకోండి. డబ్బు వేరే ఖాతాలో ఉండాలి. ఏడాది చివర మిగిలింది మురిగిపోకుండా పై ఏడాదికి వెళ్లాలి. ఏయే పనులకు వాడాలో పేరుపేరునా రాయాలి. బడ్జెట్ కేటాయింపు తప్ప వేరే దారి లేదంటే మూడేళ్లకు కలిపి ఒకేసారి మంజూరు చేయమనండి. అందుకోసం మొత్తం సగానికి తగ్గిస్తామన్నా ఒప్పుకోండి.