పన్నెండేళ్లుగా నా బల్ల మీదున్న ఎల్వ్‌గ్రెన్

నేను ఈ పుస్తకాన్ని నేర్చుకుందామని కొనలేదు, అట్ట మీది అమ్మాయి నవ్వు చూసి కొన్నాను. అమెరికన్ చిత్రకారుడు గిల్ ఎల్వ్‌గ్రెన్ వేసిన పిన్-అప్ బొమ్మల (గోడకు తగిలించుకునే అందమైన అమ్మాయిల బొమ్మల) సంకలనం; ఒంటి చేత్తో ఎత్తితే మణికట్టు లాగుతుంది. కథలకు బొమ్మలు వేసి బతికే నాకు ఇప్పుడది నిఘంటువు.

ఎక్కువసార్లు తెరిచింది మోకాళ్ల కోసం. నవ్వకండి. చిప్ప మీద వెచ్చటి గులాబీ, దాని కింద నీడలో నీలం కలిసిన బూడిద, నీడ అంచున మళ్లీ పలచటి నారింజ. నలుపన్నది కనబడదు. నీడంటే నలుపు కలపడమే అనుకుని పదేళ్లు బొమ్మలు పాడుచేసినవాణ్ణి, ఆ ఒక్క మోకాలు చూశాక మానుకున్నాను. షికాగోలో చిత్రకారుడు హాడన్ సండ్‌బ్లమ్ దగ్గర పదునెక్కిన ఎల్వ్‌గ్రెన్ చేయి అది. కోకకోలా శాంటా క్లాజ్‌ను గీసింది ఆ సండ్‌బ్లమే.

ముందు మోడల్‌ను ఫొటో తీసి, తర్వాత 30 అంగుళాల ఎత్తు, 24 అంగుళాల వెడల్పు కాన్వాస్ మీద తైలవర్ణాలతో వేసేవాడు ఎల్వ్‌గ్రెన్. ఫొటోలో ఉన్న కాళ్లు బొమ్మలోకి వచ్చేసరికి పొడుగవుతాయి. ఆ మోసం తెలిసినా కన్ను ఒప్పుకుంటుంది.

విసుగు పుట్టించేది కథ. కుక్క గొలుసు కాళ్లకు చుట్టుకుంటుంది, గాలి వీస్తుంది, గౌను ఎక్కడో తగులుకుంటుంది. అమ్మాయి ముఖంలో అదే ‘అయ్యో’. వరసగా ముప్ఫై పేజీలు చూడలేను. అప్పుడు జోయీ మోజర్ట్ బొమ్మల దగ్గరికి వెళ్తాను. ఎల్వ్‌గ్రెన్ పనిచేసిన బ్రౌన్ అండ్ బిగెలో కంపెనీ క్యాలెండర్లకే ఆవిడా వేసింది, చాలాసార్లు అద్దం ముందు తానే మోడల్‌గా నిలబడి. ఆ అమ్మాయిలు ఎవరికీ దొరికిపోయినట్టు ఉండరు.

ఇక అచ్చు సంగతి. ఒకే బొమ్మ రెండు చోట్ల వేశారు: ఒకచోట గౌను టమాటా రంగు, మరోచోట దానిమ్మ. ఏది అసలో తేల్చుకునే బాధ్యత మనది. రెండు పేజీల మీద పరిచిన బొమ్మల్లో నడుము మడతలోకి పోయింది. మూడో ఏడు తిరక్కుండానే పేజీలు ఊడాయి. బైండింగ్ చేసే ఆయన లావు దారంతో కుట్టి, అట్ట మీది నవ్వును ఓసారి చూసి, మాట్లాడకుండా డబ్బులు తీసుకున్నాడు. ఆ కుట్టు ఇప్పటికీ గట్టిగానే ఉంది.

కొనాలనుకుంటే గట్టి అట్ట ప్రతి కొనండి. నాది అడగవద్దు. మోకాలి పేజీ మీద నా బొటనవేలి ముద్ర ప్రష్యన్ బ్లూలో ఉంది, దాన్ని ఎవరికీ ఎరువివ్వను.