జాగ్రత్త: ‘డీల్ ఆటగాళ్ల’ పేరుతో అమ్ముతున్న పోకర్ అఫిలియేట్ ప్యాకేజీ

ఆన్‌లైన్ పోకర్ సైట్లకు ఆటగాళ్లను చేర్పించి కమిషన్ సంపాదించాలనుకునేవారికి ఒక ప్యాకేజీ అమ్ముతున్నారు. అది కొని నష్టపోయినవాడిగా ఇది రాస్తున్నాను. అమ్మినవారి పేరు రాయడం లేదు. ఇదే సరుకు రకరకాల పేర్లతో తిరుగుతోంది కాబట్టి సరుకును గుర్తుపట్టడమే ముఖ్యం. ముందే తయారుచేసిన వెబ్‌సైటు, వీడియో పాఠాలు, పోకర్ సైట్ల ట్రాకింగ్ లింకులు, ‘డీల్ కోసం వెతికే ఆటగాళ్ల’ ఈమెయిల్ జాబితా అందులో ఉంటాయి. రేక్‌బ్యాక్, బోనస్ అంటే ఎగబడేవాళ్లను రప్పిస్తే చాలు, వాళ్లు ఆడినంత కాలం కూర్చుని తినవచ్చన్నది అమ్మేవారి మాట.

ఈ రంగానికి కొత్తవారి కోసం రెండు ముక్కలు. పోకర్ సైటు ప్రతి పాట్ నుంచి, అంటే ఆటగాళ్లు పందెం కాసిన మొత్తం నుంచి, కొంత కోసుకుంటుంది. దాన్నే రేక్ అంటారు. నేరుగా డబ్బుతో ఆడే క్యాష్ గేముల్లో అది సాధారణంగా 5 శాతం దగ్గర ఉంటుంది, గరిష్ఠ పరిమితి కూడా ఉంటుంది. సైటు ఆ రాబడిలోంచి అఫిలియేట్‌కు, అంటే ఆటగాణ్ని చేర్పించినవారికి, వాటా ఇస్తుంది. కట్టిన రేక్‌లో కొంత ఆటగాడికే తిరిగి వస్తే అది రేక్‌బ్యాక్. బేరం చూసుకుని చేరే ఆటగాడికి ఈ లెక్కలన్నీ కంఠతా వచ్చు. పాఠం చెప్పినవారికి వచ్చో రాదో గానీ, చెప్పింది మాత్రం సగమే.

పాఠంలో చూపించే ఉదాహరణ ఇది. మీరు చేర్పించిన ఆటగాడు నెలకు 1000 రేక్ కట్టాడు. మీ వాటా 35 శాతం, అంటే 350. అతడికి మీరు 30 శాతం రేక్‌బ్యాక్ ఇస్తానన్నారు, అంటే 300. మిగిలిన 50 మీది. ఇలాంటివాళ్లు వందమంది ఉంటే ఎంతో ఊహించుకోండి అంటూ పాఠం ముగుస్తుంది. అయితే చాలా సైట్లు అఫిలియేట్ వాటాను మొత్తం రేక్ మీద లెక్కకట్టవు. ఆటగాడికి ఇచ్చిన బోనసులు తీసివేశాక మిగిలినదాని మీదే కడతాయి. డీల్ కోసం వచ్చినవాడు బోనస్ తీసుకోకుండా ఉంటాడా? అతడికి 400 బోనస్ ముట్టిందనుకుందాం. అప్పుడు మీ వాటా 600లో 35 శాతం, అంటే 210. అతడు మాత్రం తన 30 శాతాన్ని 1000 మీదే అడుగుతాడు. 300 ఇవ్వాలి, వచ్చింది 210. తేడా 90 మీ జేబులోంచే పోతుంది. ఆటతో పాటు బోనసు కూడా అదే లెక్కన పెరుగుతూ పోతే, అతడు ఎంత ఎక్కువ ఆడితే మీకు అంత నష్టం. పైగా అఫిలియేట్ సొంతంగా రేక్‌బ్యాక్ ఇవ్వడాన్ని నిషేధించే సైట్లు కూడా ఉన్నాయి. అక్కడ ఆ మాట ఇచ్చినందుకే మీ ఖాతా మూసేస్తారు.

పాఠాల్లో చూపించే సంపాదన చిత్రాలు కూడా పాతకాలానివి. ఫుల్ టిల్ట్ అనే పోకర్ సైటులో అఫిలియేట్ల ద్వారా 27 శాతం రేక్‌బ్యాక్ దొరికిన రోజులవి. 2011 ఏప్రిల్ 15న అమెరికా ప్రాసిక్యూటర్లు ఆ సైటుతో పాటు పోకర్‌స్టార్స్, అబ్సల్యూట్ పోకర్ నిర్వాహకుల మీద కేసులు బయటపెట్టారు. అదే ఏడాది జూన్ చివర్లో ఫుల్ టిల్ట్ లైసెన్సును, అది ఇచ్చిన ఆల్డర్నీ దీవి జూద నియంత్రణ సంస్థ నిలిపివేసింది. ఆ తరవాత ఈ వ్యాపారం రూపురేఖలే మారిపోయాయి. ఆ ముక్క మాత్రం పాఠాల్లో ఎక్కడా వినపడదు.

ఇక లింకుల సంగతి. ప్రతి ట్రాకింగ్ లింకు చివర ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది. ఆటగాడు ఏ సంఖ్య కింద నమోదయితే అతడి కమిషన్ ఆ ఖాతాకే వెళుతుంది. నాకు ఇచ్చిన వెబ్‌సైటులో పైన కనిపించే పెద్ద బటన్లన్నింటికీ నా సంఖ్యే ఉంది. వ్యాసాల మధ్యలో, పోలిక పట్టికలో, ఫోనులో మాత్రమే తెరుచుకునే మెనూలో ఉన్న లింకులకు మాత్రం అమ్మినవారి సంఖ్య ఉంది. నేను తెచ్చిన ఆటగాళ్లలో ఎక్కువమంది వాళ్ల ఖాతాలోనే పడ్డారు. పోకర్ సైటును అడిగితే, నమోదైన సంఖ్యను మార్చడం కుదరదన్నారు. వాళ్ల నిబంధన ప్రకారం అది సరైనదే. కొన్నవారు ప్రతి పేజీనీ ఫోనులోనూ కంప్యూటర్‌లోనూ తెరిచి, ప్రతి లింకునూ నొక్కి, పైన చిరునామాలో ఏ సంఖ్య కనిపిస్తోందో చూసుకోవాలి.

అన్నిటికంటే దారుణం ఈమెయిల్ జాబితా. వాళ్లంతా ఆఫర్ల కోసం తామే ఇష్టపడి పేరు ఇచ్చినవాళ్లని చెప్పారు. మొదటి విడత వెళ్లగానే ఒకాయన జవాబు రాశాడు. ఆట వ్యసనం వదిలించుకోవడానికి తన ఖాతాలన్నీ తానే మూయించుకున్నానని, ఇంట్లో వాళ్లు చూస్తే ఏమనుకుంటారని, తన చిరునామా మీకెవరిచ్చారని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ రోజే జాబితా మొత్తం చెరిపేశాను. స్వయంగా ఆటకు దూరమైనవాళ్లకు ప్రచారం పంపడాన్ని లైసెన్సు ఉన్న ఏ సైటూ క్షమించదు. ఆ సంగతి అటుంచండి, మనిషన్నవాడు చేయాల్సిన పని కాదది. ఇలాంటి జాబితా ఎవరు అమ్మినా, ఉచితంగా ఇచ్చినా తాకవద్దు.

మిగతావి క్లుప్తంగా చెబుతాను. గూగుల్‌లో ప్రకటనలు ఇవ్వమని పాఠంలో చెబుతారు. జూదం ప్రకటనలకు ముందే గూగుల్ ధ్రువీకరణ తీసుకోవాలని చెప్పరు. కమిషన్ అర్హత కోసం బంధువుల పేర్లతో ఖాతాలు తెరవమనే సలహా కూడా ఉంది. అది అచ్చంగా మోసం, దొరికితే అప్పటిదాకా వచ్చిన కమిషన్ కూడా వెనక్కి తీసుకుంటారు. డబ్బుతో పోకర్ ఆడించడం, దానికి ప్రచారం చేయడం నేరమయ్యే ప్రాంతాలున్నాయన్న మాటే ఎక్కడా లేదు.

ఇలాంటిది ఏదైనా కొనాలనుకుంటే చెల్లించే ముందు అమ్మేవారిని రాతపూర్వకంగా అడగండి. వాటా మొత్తం రేక్ మీదా, మినహాయింపుల తరవాతా? ఒక నెల బోనసులు రేక్‌ను మించి లెక్క మైనస్‌లోకి వెళితే అది వచ్చే నెలకు బదిలీ అవుతుందా? ఖాతా నేరుగా పోకర్ సైటుతోనా, లేక వాళ్ల కింద ఉప అఫిలియేట్‌గానా? నన్ను అడిగితే రెండో ప్రశ్న అసలైనది. మైనస్ బదిలీ అయ్యే ఒప్పందంలో ఒక్క పెద్ద బోనస్ నెల వస్తే, తరవాతి నెలల్లో వచ్చేదంతా ఆ గుంత పూడ్చడానికే సరిపోతుంది.

ఇప్పటికే కొన్నవారు కార్డుతో చెల్లించి ఉంటే వెంటనే బ్యాంకులో అభ్యంతరం నమోదు చేయండి, దానికి గడువు ఉంటుంది. అంతకంటే ముందు అమ్మకం పేజీని తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. నేను ఫిర్యాదు చేసిన కొద్ది రోజులకే ‘జీవితకాల కమిషన్’ అన్న మాట ఆ పేజీలోంచి మాయమైంది.